ఇంజిన్‌కీ ఊపిరాడాలి!

టర్బో కారు కొన్నారు. పవర్ చాల్లేదని ట్యూనింగ్ చేయించారు. బూస్టు పెంచారు. పెద్ద ఇంటర్‌కూలర్ వేయించారు. సైలెన్సర్ మార్పించారు. బండి రాకెట్‌లా దూసుకెళ్తోంది. నెల తిరిగేసరికి కారు నిలబడిన చోట నేలమీద ఆయిల్ మరక, వెనక నుంచి నీలిపొగ! లక్షలు పోసి తయారుచేయించిన ఇంజిన్‌ని షెడ్డుకి చేర్చేది చాలాసార్లు పెద్ద భాగమేమీ కాదు... బొటనవేలంత లావుండే ఓ గొట్టం, దాని చివర చిన్న ప్లాస్టిక్ వాల్వు. ఇంజిన్ కడుపులో పోగయ్యే ఆవిర్లని బయటికి పంపే 'క్రాంక్‌కేస్ వెంటిలేషన్' సంగతులివి.

సందు దొరికితే చాలు...

పెట్రోల్ ఇంజిన్ చేసే పనిని నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు. పీల్చడం, నొక్కడం, మండించడం, పొగని నెట్టేయడం. మండినప్పుడు పుట్టే ఒత్తిడే పిస్టన్‌ని కిందికి తోస్తుంది. ఆ ఒత్తిడి అంతా ఇంతా కాదు. కారు టైరులో గాలి రెండు బార్లకి కాస్త పైన ఉంటుంది. బాగా బూస్టు పెట్టిన టర్బో ఇంజిన్ సిలిండర్‌లో ఆ ఒక్క క్షణం ఒత్తిడి వంద బార్ల దాకా వెళ్తుంది. అంటే టైరులో ఉన్నదానికి నలభై రెట్ల పైమాటే!

అంత ఒత్తిడిని ఆపాల్సింది పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. సాధారణంగా మూడుంటాయి. పై రెండూ ఒత్తిడిని ఆపడానికి. అడుగుది సిలిండర్ గోడకంటిన ఆయిల్‌ని గీకేయడానికి. అయితే ఈ రింగులు గాజుల్లా పూర్తి వలయాలు కావు. ఒకచోట కోత ఉంటుంది. వేడికి లోహం సాగుతుంది కదా... ఆ ఖాళీ లేకపోతే రెండు కొసలూ ఒకదాన్నొకటి తోసుకుని రింగే విరిగిపోతుంది. అందుకే ఎంత కొత్త ఇంజిన్‌లోనైనా ఆ సందుల్లోంచి కొంత గ్యాస్ కిందికి జారుతూనే ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని 'బ్లో-బై' అంటారు. మన షెడ్డుల్లో మెకానిక్కులు 'బ్యాక్ కంప్రెషన్' అంటారు.

అలా జారిన గ్యాస్ చేరేది పిస్టన్ల కింద క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిలోకి. అదే క్రాంక్‌కేస్. దాని అడుగున ఆయిల్ ఉంటుంది. గిర్రున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ వల్ల ఆ గదంతా ఆయిల్ తుంపర్లే. ఇక పైనుంచి వచ్చే గ్యాస్‌లో మండిన పొగ, మండని పెట్రోల్ ఆవిరి, నీటి ఆవిరి ఉంటాయి. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు. ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్‌లోంచి వెళ్లిపోతుంది. కొద్దిగా మాత్రం ఇలా కిందికి దిగుతుంది.

వంటింట్లో కుక్కర్‌ని తలచుకోండి. విజిల్ రంధ్రం మూసుకుపోతే ఆవిరి ఊరుకోదు. గాస్కెట్ పక్కనుంచి తన్నుకొస్తుంది. ఇంజిన్‌దీ అదే తీరు. దారి మూస్తే క్రాంక్‌షాఫ్ట్ చివరన ఉండే ఆయిల్ సీల్‌ని, పైన వాల్వు కవర్ గాస్కెట్‌ని తోసుకుంటూ బయటపడుతుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ ఒక్కోసారి దానంతటదే పైకి ఎగిరి కూర్చుంటుంది. లోపల మిగిలిపోయిన ఆవిరి ఆయిల్‌తో కలిసి నల్లటి జిడ్డుముద్దగా మారుతుంది.

గాలికొదిలేసిన రోజులు

తొలినాళ్లలో దీనికి పెద్ద ఏర్పాటేమీ లేదు. క్రాంక్‌కేస్ నుంచి ఓ గొట్టాన్ని కారు కిందికి దించి వదిలేసేవారు. బండి పరిగెడుతుంటే గొట్టం చివరన గాలి వేగంగా వెళ్తుంది కాబట్టి అది లోపలి ఆవిర్లని లాగేసేది. బండి ఆగితే లాగడమూ ఆగేది. రోడ్డంతా ఆయిల్ చుక్కలు పడేవి. అప్పట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధట్యాంకులు లోతైన నీళ్లలోంచి దాటాల్సివచ్చింది. కిందికి వేలాడే గొట్టంలోంచి నీళ్లు ఎక్కితే ఇంజిన్ పాడైపోతుంది. దాంతో ఆ ఆవిర్లని బయటికి వదలకుండా ఇంజినే తిరిగి పీల్చుకునేలా ఏర్పాటు చేశారు. అదే తర్వాతి కాలంలో కార్లకి దారి చూపింది.

కార్లలో ఆ మార్పుకి కారణం మాత్రం లాస్‌ఏంజెలెస్ పొగమంచు. 1943 జులైలో ఓ రోజు ఆ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మేసింది. శత్రువులు విషవాయువు వదిలారేమోనని జనం హడలిపోయారు. అసలు దోషి ఎవరో తేల్చింది కాల్‌టెక్‌లో పనిచేసిన డచ్ రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్. అనాసపండు వాసనకి కారణమయ్యే పదార్థాల మీద పరిశోధన చేస్తున్న ఆయన, అదే నైపుణ్యంతో నగరం గాలిని పరీక్షించారు. మండని ఇంధన ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఈ పొగమంచుగా మారుతున్నాయని 1950ల మొదట్లో చూపించారు.

ఇంధన ఆవిర్లు వచ్చేది సైలెన్సర్ నుంచే అనుకున్నారంతా. లెక్క తీస్తే వాటిలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా క్రాంక్‌కేస్ గొట్టం నుంచే వస్తోందని తేలింది. మందు కూడా చౌకే. ఆ గొట్టాన్ని కిందికి కాకుండా ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి తిప్పి, మధ్యలో ఓ చిన్న వాల్వు పెడితే చాలు. 1961 మోడల్ కార్లకి కాలిఫోర్నియాలోనూ 1963 మోడల్ నుంచి అమెరికా అంతటా ఈ ఏర్పాటు వచ్చింది. పీసీవీ వాల్వు అని మెకానిక్కులు పిలిచేది దీన్నే. వాహన కాలుష్యాన్ని తగ్గించడానికి కార్లలో పెట్టిన తొలి పరికరంగా దీన్ని చెబుతారు.

టర్బో తెచ్చిన తంటా

టర్బో లేని కారులో పీసీవీ పని సులువు. ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో శూన్యం ఏర్పడుతుంది. స్ట్రాతో కొబ్బరినీళ్లు లాగినట్టు ఆ శూన్యం క్రాంక్‌కేస్‌లోని ఆవిర్లని లాగేసుకుంటుంది. వాటి స్థానంలోకి ఎయిర్ ఫిల్టర్ నుంచి మరో గొట్టం ద్వారా శుభ్రమైన గాలి వస్తుంది. కిటికీలోంచి గాలి వచ్చి, ఎదుటి కిటికీలోంచి పోయినట్టన్నమాట.

టర్బో ఉంటే కథ అడ్డం తిరుగుతుంది. సైలెన్సర్ వైపు పోయే పొగ వేగంతో ఓ చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. దానికి జోడించిన రెండో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. అంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో శూన్యం ఉండదు. దానికి బదులు ఒత్తిడి ఉంటుంది. లాగాల్సిన చోటే తోయడం మొదలవుతుంది! ఆ ఒత్తిడి క్రాంక్‌కేస్‌లోకి పోకుండా పీసీవీ వాల్వు మూసుకోవాలి. అప్పుడు ఆవిర్లు రెండో గొట్టంలోంచి వెనక్కి నడిచి టర్బో ముందున్న గాలి దారిలోకి చేరాలి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఒక దారి, తొక్కినప్పుడు ఇంకో దారి.

కంపెనీ ఇచ్చిన బండిలో ఈ లెక్కలన్నీ ఇంజినీర్లు ముందే వేసి ఉంటారు. బూస్టు ఇంత, బ్లో-బై ఇంత, దానికి గొట్టం ఇంత లావు అని. ట్యూనింగ్ చేయించినప్పుడు బూస్టు మారుతుంది. గొట్టం మాత్రం పాతదే ఉంటుంది. సమస్యంతా అక్కడే.

పైగా ఎక్కువ పవర్ కోసం కట్టిన ఇంజిన్‌లో బ్లో-బై మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. వేడి ఎక్కువ కాబట్టి రింగుల కోత దగ్గర ఖాళీ కావాలనే పెంచుతారు. గట్టిదనం కోసం వేసే ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేడికి ఎక్కువ సాగుతాయి. అందుకని వాటి చుట్టూ సందు కూడా పెంచుతారు. అంటే ఇంజిన్ బాగున్నా సరే, కిందికి దిగే గ్యాస్ పెరుగుతుంది. దానికి తగ్గట్టు దారి పెంచకపోతే అంతే సంగతులు.

స్కైలైన్ చెప్పిన పాఠం

ఈ సంగతి బాగా అర్థం కావాలంటే జపాన్ వెళ్లాలి. 1989లో నిస్సాన్ కంపెనీ 'స్కైలైన్ జీటీ-ఆర్' అనే కారు తెచ్చింది. అందులోది ఆర్‌బీ26 అనే ఇంజిన్. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 2,568 సీసీ. కాగితం మీద పవర్ 280 హార్స్‌పవర్. అప్పట్లో జపాన్ కంపెనీలన్నీ అంతకుమించి ప్రకటించకూడదని తమలో తాము అనుకున్న లెక్క అది. రేసుల కోసం తయారుచేసినప్పుడు అదే ఇంజిన్ 500 దాటేది. 1990 నుంచి 1993 వరకూ జపాన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో ఈ కారు పాల్గొన్న 29 రేసులనీ గెలిచేసింది. ఆస్ట్రేలియాలో పేరుమోసిన బాథర్స్ట్ రేసునీ 1991, 1992ల్లో వరుసగా కైవసం చేసుకుంది.

అలాంటి ఇంజిన్‌కీ ఓ బలహీనత ఉంది. ఎక్కువసేపు అధిక వేగంతో తిప్పితే ఆయిల్ పైన సిలిండర్ హెడ్‌లోనే నిలిచిపోతుంది. పంపు ఆయిల్‌ని పైకి పంపుతూనే ఉంటుంది. అది తిరిగి కిందికి దిగాల్సింది కొన్ని రంధ్రాల ద్వారా. కానీ బ్లో-బై గ్యాస్ పైకి రావడానికి వాడుకునేదీ ఆ రంధ్రాలనే! ఇరుకు సందులో ఎదురెదురుగా రెండు లారీలు వచ్చినట్టే. పైకి వచ్చే గ్యాస్ ముందు కిందికి దిగే ఆయిల్ ఓడిపోతుంది. హెడ్ నిండిపోయి, ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి పొంగి గాలి దారిలోకి వెళ్తుంది. పైన అంత ఆయిల్ చిక్కుకుంటే అడుగున తగ్గుతుంది. పంపుకి ఆయిల్ బదులు గాలి అందితే బేరింగులు కాలిపోతాయి. ఇంజిన్ పోయినట్టే.

జపాన్, ఆస్ట్రేలియాల్లోని ట్యూనర్లు దీనికి విడివిడిగా కాకుండా కలగలిపి వైద్యం చేస్తారు. హెడ్‌కి వెళ్లే ఆయిల్‌ని తగ్గించడానికి దారిలో సన్నరంధ్రమున్న రెస్ట్రిక్టర్ పెడతారు. కిందికి దిగే రంధ్రాలని పెద్దవి చేస్తారు. హెడ్ వెనకభాగం నుంచి ఆయిల్ చాంబర్‌కి బయటినుంచే వేరే గొట్టం వేస్తారు. రెండు క్యామ్ కవర్ల నుంచీ లావుపాటి గొట్టాలు తీసి ఆయిల్‌ని పట్టే డబ్బాకి కలుపుతారు. ఆయిల్ చాంబర్ని పెద్దది చేయించి అదనపు ఆయిల్ పోస్తారు. గ్యాస్‌కి విడిగా దారి, ఆయిల్‌కి విడిగా దారి... సూత్రం ఇంతే.

స్వీడన్ కంపెనీ సాబ్‌కీ ఇలాంటి పాఠమే ఎదురైంది. ఆ కంపెనీ '9-5' టర్బో కార్ల తొలి మోడళ్లలో ఆయిల్ నల్లటి ముద్దగా మారి ఇంజిన్లు పాడయ్యాయి. వేడి, ఆయిల్ ఆలస్యంగా మార్చడంతోపాటు వెంటిలేషన్ లోపం కూడా అందుకు కారణమైంది. ఆ అమరికని కంపెనీ పలుమార్లు మార్చింది. పాత కార్లకి వేసుకునే ఆఖరి కిట్‌ని వాటి యజమానులు 'ఆరో నంబరు' అని పిలుచుకుంటారు. కార్ల కంపెనీకే అన్నిసార్లు సరిదిద్దుకోవాల్సి వచ్చిందంటే, ఇది చూడ్డానికి కనిపించేంత చిన్న విషయం కాదని అర్థం.

నీలిపొగ ఎక్కణ్నుంచి?

ఆవిర్లకి దారి చాలకపోతే ముందు దెబ్బతగిలేది టర్బోకి. టర్బో ఇరుసుకి వెళ్లిన ఆయిల్ తిరిగి క్రాంక్‌కేస్‌లోకి చేరేది ఏ పంపు సాయమూ లేకుండా, కేవలం పల్లానికి జారడం వల్ల. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి ఉంటే ఆయిల్ కిందికి దిగలేదు. టర్బోలోనే నిలిచి, పక్కల నుంచి పొగగొట్టంలోకి కారుతుంది. నీలిపొగ వస్తుంది. టర్బో పోయిందనుకుని కొత్తది వేయిస్తారు. వారం తిరక్కుండా అదే పొగ! పోయింది టర్బో కాదు, ఊపిరాడని క్రాంక్‌కేస్.

రెండో దెబ్బ మరీ ప్రమాదం. ఆవిర్లతోపాటు వచ్చే ఆయిల్ తుంపర్లు ఇంటర్‌కూలర్ లోపల పూతలా పేరుకుంటాయి. గాలిని చల్లబరచాల్సిన పరికరం ఆ పని సరిగా చేయలేదు. ఆ ఆయిల్ పెట్రోల్ మిశ్రమంలో కలిస్తే దాని ఆక్టేన్ పడిపోతుంది. అంటే స్పార్క్ రాకముందో, వచ్చాక అదుపు తప్పో మిశ్రమం తనంతట తాను పేలిపోతుంది. సుత్తితో కొట్టినట్టు టకటకమని శబ్దం. బూస్టు ఎక్కువున్న ఇంజిన్‌లో అలాంటి పేలుళ్లు కొన్ని చాలు, పిస్టన్ అంచు విరిగిపోవడానికి.

పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చల్లే కొత్తతరం ఇంజిన్లలో ఇంకో చిక్కుంది. పాత పద్ధతిలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీదుగా వెళ్తూ వాటిని కడిగేది. ఇప్పుడు ఆ కడుగుడు లేదు. ఆయిల్ తుంపర్లు వేడి వాల్వుల మీద మాడి, పెనం మీద జిడ్డులా గట్టిపడిపోతాయి. విదేశాల్లో ఆ మసిని వదిలించడానికి పొడిచేసిన అక్రోటు పెంకుల్ని గాలితో కొడతారు.

ముందు కొలవాలి... తర్వాతే కొనాలి

నీలిపొగ చూడగానే చాలామంది చేసే పని... మెరిసే అల్యూమినియం డబ్బా ఒకటి కొని బిగించేయడం. ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటే అదే. నిపుణుల లెక్కలో అది రెండో మెట్టు. మొదటి మెట్టు కొలవడం.

రింగులే అరిగిపోయి ఉంటే ఎంత పెద్ద గొట్టం వేసినా లాభం లేదు. అందుకని ముందు కంప్రెషన్ పరీక్ష చేయించాలి. సిలిండర్లోకి గాలి పంపి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష ఇంకా మంచిది. ఆయిల్ మూత తీసి చెవి పెడితే, గాలి అటువైపు నుంచి వస్తే నేరం రింగులది. తర్వాత పీసీవీ వాల్వు. బూస్టు వచ్చినప్పుడు అది గట్టిగా మూసుకోకపోతే టర్బో గాలి నేరుగా క్రాంక్‌కేస్‌లోకి పోతుంది. వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ వాల్వు ఇలాగే మోసం చేస్తుంది.

క్రాంక్‌కేస్ ఒత్తిడిని కొలవడానికి ఖరీదైన యంత్రమే అక్కర్లేదు. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక గొట్టాన్ని 'యు' ఆకారంలో వంచి సగం దాకా నీళ్లు పోయాలి. ఒక కొసని డిప్‌స్టిక్ గొట్టానికి బిగించాలి. ఆపివున్న బండిలో రెండు వైపులా నీటిమట్టం సమానంగా ఉంటుంది. స్టార్ట్ చేసి వదిలేస్తే నీళ్లు ఇంజిన్ వైపు కొద్దిగా పైకి లాగాలి. అంటే లోపల స్వల్ప శూన్యం ఉన్నట్టు. అవతలి వైపుకి తోస్తే లోపల ఒత్తిడి ఉన్నట్టు. ఒక్క పీఎస్‌ఐ ఒత్తిడికే రెండు మట్టాల మధ్య తేడా 70 సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి చిన్న మార్పు కూడా కంటికి ఆనుతుంది. అసలు పరీక్ష బూస్టు మీద. ఆ పనిని మాత్రం డైనోలాంటి సురక్షితమైన చోట, ఒత్తిడి కొలిచే సెన్సర్ పెట్టి చేయించడమే మంచిది.

గొట్టాల గణితం

ఒత్తిడి ఉందని తేలితే అప్పుడు దారి పెంచాలి. ఇక్కడ చిన్న లెక్క పెద్ద మేలు చేస్తుంది. గొట్టం వ్యాసం రెట్టింపయితే దారి నాలుగు రెట్లవుతుంది. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల గొట్టం తీసి 19 మిల్లీమీటర్లది వేస్తే, అదే గ్యాస్ నాలుగోవంతు వేగంతో పోతుంది. వేగం తగ్గితే ఆయిల్ చుక్కల్ని మోసుకుపోయే శక్తీ తగ్గుతుంది. అయితే గొట్టం మార్చి, దాన్ని బిగించే కవర్ మీది రంధ్రాన్ని అలాగే వదిలేస్తే ఏమీ మారదు. దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటే లెక్కలోకొస్తుంది.

గొట్టం ఏ రకమనేది కూడా ముఖ్యమే. మామూలు నీళ్ల గొట్టం ఆయిల్ ఆవిరికి ఉబ్బి మెత్తబడుతుంది. సాదా సిలికాన్ గొట్టం పైకి బాగానే ఉన్నా మెల్లగా ఆయిల్‌ని చెమర్చుతుంది. ఆయిల్‌ని తట్టుకునే లోపలి పొర ఉన్నదే వాడాలి. ఎక్కడా కిందికి వేలాడే వంపు ఉండకూడదు. ఉంటే నీళ్లు అక్కడ నిలిచి దారి మూస్తాయి.

ఆ తర్వాత క్యామ్ కవర్ లోపలి రేకులు. గొట్టం మొదలయ్యే చోట ఆయిల్ నేరుగా చిమ్మకుండా అడ్డుపడేవి ఇవే. చాలామంది వీటిని పట్టించుకోరు. ఆయిల్‌ని గొట్టంలోకి వచ్చాక పట్టుకోవడం కంటే రాకుండా ఆపడమే తేలిక.

ఇప్పుడు క్యాచ్ క్యాన్. ఇరుకు గొట్టంలోంచి వెడల్పాటి డబ్బాలోకి రాగానే గ్యాస్ వేగం పడిపోతుంది. లోపలున్న జాలీకి కొట్టుకుని ఆయిల్ చుక్కలు అడుక్కి దిగుతాయి. తేరుకున్న గ్యాస్ టర్బో ముందుకి వెళ్తుంది. జాలీ, అడ్డురేకు లేని ఖాళీ డబ్బా అలంకారానికే. డబ్బాని సైలెన్సర్ పక్కన కాకుండా చల్లగా ఉండే చోట బిగిస్తే ఎక్కువ ఆవిరి ద్రవంగా మారి చిక్కుతుంది. చలికాలంలో పాలకాఫీ రంగులో చిక్కటి ద్రవం కనిపిస్తే భయపడక్కర్లేదు. అది నీళ్లు, ఆయిల్ కలిసిన మిశ్రమం. రోజూ తిరిగే కారులో దాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపకుండా పారబోయడమే మేలు. రేసు కార్లలో వచ్చేది చాలావరకూ ఆయిలే కాబట్టి అడుక్కి తిరిగి పంపే గొట్టం పెడతారు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య రేసు నిబంధనల ప్రకారం బ్రీదర్ బయటికి తెరిచివుండే కార్లలో డబ్బా తప్పనిసరి. రెండు లీటర్ల లోపు ఇంజిన్‌కి రెండు లీటర్ల డబ్బా, అంతకుమించితే మూడు లీటర్లది. నిండిందో లేదో తెలిసేలా పారదర్శకంగా ఉండాలి. ట్రాక్ మీద ఒలికిన ఆయిల్ వెనకొచ్చేవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది మరి.

ఆ చిన్న ఫిల్టర్‌తో జాగ్రత్త!

చౌకలో అయిపోతుందని కొందరు గొట్టాలన్నీ పీకేసి, వాల్వు కవర్ మీద ఓ చిన్న ఫిల్టర్ గుచ్చేస్తుంటారు. ఒత్తిడి తగ్గుతుంది నిజమే. కానీ లోపలికి శుభ్రమైన గాలి ప్రవాహం ఆగిపోతుంది. నీటి ఆవిరి, పెట్రోల్ ఆవిరి బయటికి లాగేవారు లేక ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. ఆయిల్ త్వరగా పాడవుతుంది. పీసీవీ గొట్టాన్ని ఉంచి రెండోది మాత్రమే తెరిస్తే సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఇంజిన్‌లోకి పోయి ఐడిలింగ్ గాడి తప్పుతుంది.

అన్నిటికీ మించి ఆ ఆవిర్లు ఏసీ గాలితోపాటు కారు లోపలికి వస్తాయి. వాటిలో బెంజీన్ లాంటి విషాలు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. వెనకసీట్లో పిల్లలు కూర్చునే బండి అది. ఫిల్టర్ నుంచి కారే ఆయిల్ టర్బో మీద పడితే మంట లేవచ్చు. పెట్రోల్ టర్బోలోకి వచ్చే పొగ వేడి 900 డిగ్రీలు దాటగలదు.

చట్టమూ ఒప్పుకోదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల ప్రకారం పెట్రోల్ కారు క్రాంక్‌కేస్ ఆవిర్లని గాల్లోకి వదలకూడదు. కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చిచెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి అయిదువేల రూపాయల జరిమానా, ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బూస్టు పెంచిన బండి స్థానం రోడ్డు కాదు... శ్రీపెరంబుదూరు దగ్గరి ట్రాక్, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే లాంటి చోట్లు.

మనింటి కారుకీ ఇదే మందు

'మాకెందుకీ రేసుల గోల' అనుకోనక్కర్లేదు. ఒకప్పుడు టర్బో అంటే డీజిల్ బండ్లే. 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ... ఇలా చిన్న పెట్రోల్ టర్బోలు మధ్యతరగతి ఇళ్ల ముందుకీ వచ్చేశాయి. ఏ మార్పూ చేయించని కారులోనూ వెంటిలేషన్ ఉంటుంది. అదీ మూసుకుపోతుంది.

రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. నీటి ఆవిరి ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఆయిల్ మూత అడుగున తెల్లటి నురగ కనిపిస్తే అదే గుర్తు. అప్పుడప్పుడూ ఓ అరగంటైనా హైవే మీద తిప్పాలి. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం అది హెడ్ గాస్కెట్ సమస్య కావచ్చు. వెంటనే చూపించాలి. నడుస్తున్న ఇంజిన్ ఆయిల్ మూత వదులు చేస్తే పొగ బుసబుసమని కొడుతోందా, ఆయిల్ అడుగంటుతోందా, సీలు మార్చినా మళ్లీ కారుతోందా... ఈ మూడింట్లో ఏదున్నా మెకానిక్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న 'బ్రీదర్ చూశారా' అని. పాత కారు కొనేటప్పుడూ ఇదే పరీక్ష.

డీజిల్ బండ్లలో నిర్లక్ష్యం మరీ ముప్పు. బ్రీదర్ నుంచో పాడైన టర్బో నుంచో ఆయిల్ ఎక్కువగా గాలి దారిలోకి పోతే ఇంజిన్ దాన్నే డీజిల్‌లా మండించుకుంటుంది. తాళంచెవి తీసినా ఆగదు! వేగం పెరిగిపోతూ, చివరికి ముక్కలవుతుంది. గేర్లు వేసే బండయితే, బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి క్లచ్ వదిలితే ఆగిపోయే అవకాశముంది. అలా కుదరకపోతే బానెట్ ఎత్తి చేతులు పెట్టే సాహసం చేయకుండా అందర్నీ దించేసి దూరంగా వెళ్లిపోవాలి.

అక్కడిదాకా రాకుండా చూసుకోవడానికి కావాల్సినవి... వేళకి ఆయిల్ మార్పు, సర్వీసింగ్‌లో బ్రీదర్ గొట్టాల తనిఖీ, పెళుసెక్కిన పీసీవీ వాల్వు స్థానంలో కొత్తది. ఇంజిన్ బోరు చేయించే ఖర్చు ముందు ఈ మూడూ కలిపినా చిల్లరే.